నేను పూర్తి చేసింది 171 కిలోమీటర్లే

సంపాదకుల వారికి,

నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో మా సైకిల్ యాత్ర గురించి వచ్చిన వార్త చదివాను. ఫొటోతో సహా నాలుగు కాలమ్‌ల వార్త వేశారు. మీ విలేకరి ఫోనులో శ్రద్ధగా మాట్లాడారు, చెప్పినవన్నీ ఓపికగా రాసుకున్నారు. అయినా అందులో ఒక తప్పు దొర్లింది. రెండు కాళ్లూ చచ్చుబడిన నేను నాలుగు రోజుల్లో 240 కిలోమీటర్లు పూర్తి చేశానని రాశారు. నేను పూర్తి చేయలేదు. మూడో రోజు మధ్యాహ్నం 171వ కిలోమీటరు దగ్గర ఆగిపోయాను. మిగిలిన 69 కిలోమీటర్లు మా బృందంలోని మిగతావాళ్లు వెళ్లారు. ఆ దూరమంతా నేను వెనక వస్తున్న వ్యానులో బోర్లా పడుకుని ఉన్నాను. మీరు వేసిన ఫొటో మొదటి రోజు ఉదయం బయలుదేరేటప్పుడు తీసింది. చివరి రోజు ఫొటోలో నేను లేను.

చిన్న పొరపాటే కదా అని మొదట ఊరుకున్నాను. సోమవారం సాయంత్రం ఒక అబ్బాయి ఫోను చేశాడు. ఇరవై రెండేళ్లవాడు, మూడు నెలల క్రితమే వెన్నుపాము దెబ్బతిని, నేను ఒకప్పుడు ఉన్న పునరావాస వార్డులోనే ఉన్నాడు. "అక్కా, పేపర్లో మీ గురించి చదివాను. ఈ రోజు చక్రాల కుర్చీలో ఏకధాటిగా మూడు గంటలు కూర్చున్నాను. కింద కొంచెం ఎర్రబడిందని నర్సు పడుకోమంటే, నేను మాత్రం ఆగనని చెప్పాను. మీరు ఆగారా మరి?" అన్నాడు. అతని గొంతులో అంత ఉత్సాహం విన్నాక నాకు కాసేపు నోట మాట రాలేదు. ఆగాను బాబూ, సరిగ్గా దాని కోసమే ఆగాను అని చెప్పాను. అతను నమ్మలేదు. పేపర్లో అలా లేదన్నాడు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను రహదారుల సర్వే పని చేసేదాన్ని. లెవల్ మిషను, టేపు, కొలత కర్ర పట్టుకుని పద్నాలుగేళ్లు రోడ్ల మీదే తిరిగాను. ఆరేళ్ల క్రితం ఒక గుట్టను తవ్విన చోట అంచున నిలబడి కొలత తీసుకుంటుండగా కాళ్ల కింద మట్టి జారింది. నాలుగు మీటర్ల లోతున రాళ్ల మీద వెల్లకిలా పడ్డాను. ఛాతీ భాగంలో ఉండే పన్నెండు వెన్నుపూసల్లో పదోది నుజ్జయింది. బొడ్డు దగ్గర గీత గీసినట్టు, అక్కడి నుంచి కిందికి స్పర్శ లేదు, కదలిక లేదు. తోటి పనివాళ్లు నన్ను చేతులూ కాళ్లూ పట్టి పైకి మోశారు. వాళ్లను నేను ఒక్క రోజు కూడా తప్పు పట్టలేదు, ఆ కంగారులో ఎవరైనా అదే చేస్తారు. కానీ ఈ మాట చదివేవాళ్లలో ఒక్కరికైనా పనికి రావచ్చు: ఎత్తు నుంచి పడినవాళ్లను తల, మెడ, నడుము ఒకే వరుసలో కదలకుండా ఉంచి, పలక లాంటి గట్టిదాని మీదికి నలుగురూ ఒక్కసారిగా జరపాలి. వెంటనే ప్రాణాపాయమేదీ లేకపోతే అంబులెన్సు వచ్చేదాకా అసలు కదపకపోవడమే మంచిది.

వార్డులో మొదటి వారాల్లో నాకు బాగా గుర్తున్నది గడియారం. రెండు గంటలకోసారి, పగలూ రాత్రీ, ఇద్దరు వచ్చి నన్ను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పేవారు. నిద్ర పాడవుతోందని ఒక రాత్రి కోపంతో అరిచాను. అప్పుడు మా ఫిజియోథెరపిస్టు మంచం పక్కన కూర్చుని డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ గురించి చెప్పింది. 1939లో నాజీల నుంచి తప్పించుకుని జర్మనీ వదిలి ఇంగ్లండు చేరిన నాడీ వైద్యుడాయన. 1944లో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము గాయాల విభాగం ఆయన చేతికి వచ్చింది. అంతకు ముందు మొదటి ప్రపంచ యుద్ధంలో నడుము దెబ్బతిన్న సైనికుల్లో చాలామంది, కదలకుండా ఒకే చోట బరువు పడి వచ్చే ఒత్తిడి పుండ్లు పుచ్చి, మూత్రనాళాల్లో చీము పట్టి చనిపోయారు. గాయం తగిలిన చోటు వల్ల కాదు, ఆ తర్వాత వచ్చిన వాటి వల్ల. రోగులను రెండు గంటలకోసారి తిప్పాల్సిందేనని గుట్‌మన్ పట్టుబట్టారు. 1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే, ఆసుపత్రి పచ్చికలో పదహారు మంది రోగులకు విలువిద్య పోటీ పెట్టింది కూడా ఆయనే. అదే పెరిగి పారాలింపిక్స్ అయింది. మమ్మల్ని ఆటల్లోకి దించిన మనిషీ, ఒళ్లు కాపాడుకోమని నిద్ర లేపి తిప్పిన మనిషీ ఒక్కరేనని నాకు ఆ రాత్రి తెలిసింది. ఆ తర్వాత ఎప్పుడూ అరవలేదు.

నా పక్క మంచం మీద ఒక పెద్దావిడ ఉండేది. ఆమె గాయం ఎప్పటిదో. నడుము కింద పుండుతో ఆసుపత్రికి రావడం అది మూడోసారి. ఇంటికి వెళ్లడం, మామూలు కుర్చీలో దిండు వేసుకుని కూర్చోవడం, నాలుగైదు నెలలకు మళ్లీ ఎముక కనిపించేంత పుండుతో రావడం. నన్ను చూసి రోజూ ఒకటే అడిగేది, "అమ్మాయీ, ఇవాళ అద్దంలో చూసుకున్నావా?" అని. స్పర్శ లేని ఒంటికి అద్దమే కాపలా. నేను ఇంటికి వెళ్లిన రెండు నెలలకు ఆ పుండు విషం రక్తంలోకి ఎక్కి ఆమె చనిపోయిందని విన్నాను. వెన్నుపాము దెబ్బతిన్నవారు మిగతావారికంటే ముందుగానే చనిపోయే ప్రమాదం రెండు నుంచి ఐదు రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ప్రకటించింది. ఆ అంకె చదివినప్పుడు నాకు ఆమె మంచమే కనిపించింది. సరైన మెత్త ఒకటి, దాన్ని ఎలా వాడాలో చెప్పే మనిషి ఒకరు ఉంటే ఆమె బతికేది.

మా యాత్రకు కారణం ఆ మెత్తలే. ఈ సంగతి మీ వార్తలో ఒక్క వాక్యంగా, అది కూడా చివర్లో వచ్చింది. వార్డు నుంచి కొత్తగా ఇంటికి వెళ్తున్నవారికి గాలి అరల మెత్తలు కొనివ్వడానికి విరాళాలు సేకరించాం. కిలోమీటరుకు ఇంత అని దాతలు మాట ఇచ్చారు. మొత్తం పదకొండు మందిమి. అందులో వెన్నుపాము గాయమైనవాళ్లం నలుగురం, మిగతావాళ్లు మామూలు సైకిళ్ల మీద మా ముందూ వెనకా ఉండేవారు.

నేను సైకిల్ "తొక్కానని" మీరు రాశారు. మా బండికి ఆ మాట సరిపోదు. దానికి మూడు చక్రాలు, ముందు ఒకటి, వెనక రెండు. మనిషి వెనక్కి వాలి, కాళ్లు ముందుకు చాచి, నేలకు జానెడెత్తున పడుకున్నట్టు కూర్చోవాలి. పెడళ్లకు బదులు ఛాతీ ఎదురుగా రెండు చేతిపిడులు ఉంటాయి. మామూలు సైకిల్లో ఒక పెడలు పైకి వస్తే రెండోది కిందికి పోతుంది, ఇందులో రెండు పిడులూ కలిసే తిరుగుతాయి. మేము "తిప్పడం" అంటాం. ఎంత తిప్పావు, ఈ ఎక్కుడు తిప్పగలవా, అని మాట్లాడుకుంటాం. 2004 ఏథెన్స్ పారాలింపిక్స్ నుంచి ఈ బళ్లకు పతకాల పోటీలు కూడా ఉన్నాయి. రోడ్డు మీద మాత్రం బండి లారీ డ్రైవరు కంటికి ఆనదు. అందుకే వెనక నిలువెత్తు కర్రకు నారింజ రంగు జెండా కట్టుకుంటాం.

సాధనకు నాకు తొమ్మిది నెలలు పట్టింది. మొదటి రోజు రెండు కిలోమీటర్లకే భుజాలు మంటెక్కాయి. నడిచేవాళ్లకు భుజం నొప్పి వస్తే చేతికి విశ్రాంతి ఇస్తారు. నాకు చేతులే కాళ్లు. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీ మీంచి బండిలోకి ఒళ్లు మోసేది ఈ భుజాలే. అవి పాడైతే ఇంట్లో కూడా కదలలేను. అందుకని వారానికి నాలుగు రోజులే తిప్పేదాన్ని, మిగతా రోజుల్లో వెనక కండరాలకు రబ్బరు పట్టీలతో వ్యాయామం. డాక్టరు ముందుగా ఎముకల సాంద్రత పరీక్ష చేయించారు. బరువు మోయని కాళ్ల ఎముకలు గుల్లబారతాయి. చిన్నగా పడినా విరుగుతాయి, విరిగినట్టు మనకు తెలియను కూడా తెలియదు. కాళ్లను పిక్కల దగ్గర మెత్తటి పట్టీలతో కట్టుకోవడం, ఎండకు కాగే లోహం మడమలకు తగలకుండా గుడ్డ చుట్టడం, ఇవన్నీ ఒక్కొక్కటే నేర్చుకున్నాను. రోడ్ల వాలు కొలిచి బతికిన మనిషిని నేను. 25 మీటర్ల దూరానికి ఒక మీటరు ఎక్కే వాలును కాగితం మీద ఎన్నిసార్లు వేశానో లెక్క లేదు. అదెంత ఎత్తో నా భుజాలకు ఇప్పుడే తెలిసింది.

మొదటి రోజు 60 కిలోమీటర్లు బాగానే సాగాయి. కానీ ఆ రోజు నేనొక తెలివితక్కువ పని చేశాను. మూత్రాశయం నిండినట్టు మాకు తెలియదు, దానంతటది ఖాళీ కాదు. నాలుగు గంటలకోసారి సన్నటి కాథెటర్ గొట్టం మేమే పెట్టుకుని తీసుకోవాలి. చక్రాల కుర్చీ పట్టే తలుపున్న మరుగుదొడ్డి ఆ 60 కిలోమీటర్లలో ఒక్కటీ లేదు. మా చెల్లెలు వ్యానులో చిన్న గుడారం తెచ్చింది. రోడ్డు పక్కన అందరూ చూస్తుండగా గుడారం వేయించుకోవడానికి మొహమాటపడి, నీళ్లు తాగడం తగ్గించాను. సాయంత్రానికి మూత్రం చిక్కగా, ముదురు రంగులో వచ్చింది. ఫిజియోథెరపిస్టు నన్ను గట్టిగా మందలించింది. నీళ్లు తగ్గితే అక్కడ ఇన్‌ఫెక్షన్, అక్కడి నుంచి కిడ్నీలకు. రెండో రోజు నుంచి సిగ్గు పక్కన పెట్టి గుడారం వేయించుకున్నాను. ఆడవాళ్లు చదువుతారని ఈ సంగతి దాచకుండా రాస్తున్నాను, దయచేసి తీసేయకండి.

రెండో రోజు ఒక సంఘటన జరిగింది. దాన్ని మీరు "ఎండ దెబ్బకు ఒకరు సొమ్మసిల్లారు" అని రాశారు. అది ఎండ దెబ్బ కాదు. మా బృందంలో మేమంతా మాస్టారు అని పిలిచే పెద్దాయన గాయం నాకంటే పైన, ఛాతీలోని నాలుగో పూస దగ్గర. ఉన్నట్టుండి ఆయన బండి ఆపి తల పట్టుకున్నారు. ముఖం ఎర్రగా కందిపోయింది, నుదుటి మీద చెమట ధారలు, తల పగిలిపోతోందన్నారు. మామూలుగా వంద దగ్గర ఉండే ఆయన రక్తపోటు మిషనులో 168 చూపించింది. చుట్టూ చేరినవాళ్లు పడుకోబెట్టండి, గాలి తగలనివ్వండి అన్నారు. పడుకోబెట్టకూడదు. పడుకుంటే తలలో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. నిటారుగా కూర్చోబెట్టి, కాళ్లు కిందికి దించి, పట్టీలు వదులు చేసి, కారణం వెతకాలి. చాలాసార్లు కారణం మూత్రాశయమే. ఆయన మూత్రపు గొట్టం తొడ పట్టీ కింద మడతపడి ఉంది. మడత తీయగానే సంచి నిండసాగింది. పది నిమిషాల్లో తలనొప్పి తగ్గుముఖం పట్టింది.

ఛాతీలోని ఆరో పూస దగ్గర గానీ, దానికి పైన గానీ గాయమైనవారికి ఈ ప్రమాదం ఉంటుంది. కింద ఏదో బాధ ఉందని ఒళ్లు రక్తనాళాలను బిగిస్తుంది. వాటిని వదులు చేయమని మెదడు పంపే ఆజ్ఞ తెగిన వెన్నుపామును దాటి కిందికి చేరదు. సమయానికి కనిపెట్టకపోతే మెదడులో నాళాలు చిట్లి ప్రాణం పోవచ్చు. ఈ వివరమంతా రాసిన చీటీ ఒకటి మాస్టారు చొక్కా జేబులో ఎప్పుడూ ఉంటుంది. ఆ రోజు అక్కడ గుమికూడిన యాభై మందిలో ఎవరికీ ఇది తెలియదు. మళ్లీ ఎక్కడో ఒకరికి ఇలా జరిగితే, మీ వార్త చదివినవాళ్లు ఎండ దెబ్బే అనుకుని పడుకోబెడతారని నా భయం. ఈ సవరణ కూడా వేయాలని అడుగుతున్నాను.

ఇక నేను ఆగిన సంగతి.

మనిషి కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు బరువంతా కొన్ని ఎముకల మొనల మీద పడుతుంది. అక్కడ చర్మం ఎముకకూ కుర్చీకీ మధ్య నలిగి, రక్తం ఆగుతుంది. మీకైతే నొప్పి పుడుతుంది, తెలియకుండానే పక్కకు కదులుతారు. మాకు ఆ కబురు అందదు. అందుకే పదిహేను నిమిషాలకో అరగంటకో ఒకసారి ముందుకో పక్కకో వాలి, రెండు నిమిషాల పాటు బరువు తీయాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి చూడాలి. నొక్కినప్పుడు తెల్లబడి, వదిలాక మళ్లీ ఎర్రబడితే రక్తం ఆడుతున్నట్టు. తెల్లబడకుండా అలాగే ఎర్రగా ఉంటే లోపల దెబ్బ మొదలైనట్టు. పైకి చర్మం చెక్కుచెదరకపోవచ్చు, పుండు మాత్రం లోపలి నుంచి వస్తోందన్నమాట.

రెండో రోజు రాత్రి వెన్నెముక చివర చిన్న ఎరుపు కనిపించింది. నొక్కితే తెల్లబడింది, అరగంట బోర్లా పడుకుంటే పోయింది. మా చెల్లెలు, ఫిజియోథెరపిస్టు ఇద్దరూ చూశారు. సీటులో ఆ చోట అదనంగా ఒక పొర వేసి మూడో రోజు బయలుదేరాను. ఉదయం పదకొండు ప్రాంతంలో రోడ్డు మరమ్మతు జరుగుతున్న చోటు వచ్చింది. పై తారు చెక్కేసి కంకర తేలి ఉంది, సుమారు ఏడు కిలోమీటర్లు. అలాంటి రోడ్డు మీద ఒంటికి ఎంత అదురు తగులుతుందో నాకు తెలియనిది కాదు. నెమ్మదిగా వెళ్లి, అరగంటకోసారి ఆగి బరువు తీయాలి. కానీ పక్కనే లారీలు, ఆగడానికి అంచు లేదు, ఇది దాటేశాక ఆగుదాం అనుకున్నాను. రెండు విరామాలు వదిలేశాను. ఆ తప్పు నాదే. ఏ రోడ్డునూ, ఏ శాఖనూ నేను నిందించడం లేదు.

మధ్యాహ్నం కాథెటర్ కోసం గుడారంలోకి వెళ్లినప్పుడు చెల్లెలు అద్దం పట్టింది. అదే చోట ఎరుపు, నాణెమంత. వేలు పెట్టి నొక్కింది. తెల్లబడలేదు. ఇంకోసారి నొక్కింది. ఇద్దరం మాట్లాడుకోలేదు. అరగంట బోర్లా పడుకున్నాను. చెల్లెలు మళ్లీ చూసి, "అక్కా, పోలేదు" అంది.

బయట మావాళ్లు బళ్ల మీద సిద్ధంగా ఉన్నారు. ఆ రోజు మజిలీకి ఇంకా తొమ్మిది కిలోమీటర్లే మిగిలింది. ఆ తొమ్మిదీ నా కళ్ల ముందు కనిపిస్తున్నాయి, చదునైన రోడ్డు, చిన్న దిగుడు కూడా ఉంది. ఒక కుర్రవాడు, మా బృందంలోనే మంచి మనసున్నవాడు, "తొమ్మిదే కదా, మెల్లగా పోదాం, మేము వెనక నుంచి నెడతాం" అన్నాడు. నేను ఏడ్చాను. తొమ్మిది నెలలు తిప్పిన భుజాలు బాగానే ఉన్నాయి, ఊపిరి బాగుంది, ఓపిక ఉంది. ఆగమంటున్నది నాకు స్పర్శ కూడా లేని ఒక చోటు. అప్పుడు పక్క మంచం పెద్దావిడ గుర్తొచ్చింది. అలాంటి పుండ్లు రాకుండా చూడడానికని దాతల దగ్గర డబ్బు అడిగి, ఆ పుండునే నా ఒంటి మీద పెంచుకుని చివరి గీత దాటితే, ఏ ముఖం పెట్టుకుని ఆ మెత్తలు పంచుతాను? బండి వ్యానులో ఎక్కించమన్నాను.

నాలుగో రోజంతా వ్యానులో బోర్లా పడుకుని, కిటికీలోంచి మావాళ్ల జెండాలు చూస్తూ వచ్చాను. మాస్టారు ఆ రోజు 60 కిలోమీటర్లూ తిప్పారు. ఆయన చివరి గీత దాటినప్పుడు నేను తలెత్తి చూడగలిగింది ఆయన జెండా కర్ర కొసను మాత్రమే. ఇంటికి వచ్చాక తొమ్మిది రోజులు ఒక్క నిమిషం కూడా కూర్చోలేదు. తొమ్మిదో రోజుకు చర్మం మామూలు రంగుకు వచ్చింది. ఆగిన రోజున ఆ తొమ్మిది కిలోమీటర్లూ తిప్పి ఉంటే తొమ్మిది రోజులకు బదులు ఎన్ని నెలలయ్యేదో, వార్డులో ఉన్నవాళ్లను అడిగితే చెబుతారు.

దాతల విషయం కూడా మీ పాఠకులకు తెలియాలి. నా పేరున కిలోమీటరుకు ఇంత అని రాసిచ్చినవారు నూట పద్దెనిమిది మంది. పడుకునే ఉండి, అందరికీ ఒక్కొక్కరికే ఉత్తరం పంపాను. నేను 171 దగ్గర ఆగాను, ఎందుకు ఆగానంటే ఇదీ కారణం, మీరు 171కి లెక్క కట్టి ఇస్తే చాలు అని. తొమ్మిది మంది అలాగే ఇచ్చారు. వాళ్ల మీద నాకు గౌరవమే ఉంది, మాట ప్రకారం ఇచ్చారు. మిగతావారు 240కీ ఇచ్చారు. ఒకాయన మాత్రం మీ వార్త చూసి, పూర్తి చేశానని పత్రికలో చెప్పుకుని తనకు మాత్రం ఆగానని రాయడమేమిటని నిలదీశారు. ఆయన అడగడంలో తప్పు లేదు. నిజం నా ఉత్తరంలో ఒకలా, మీ పత్రికలో ఇంకోలా ఉంటే డబ్బు ఇచ్చిన మనిషికి అనుమానం రాదా?

వచ్చిన డబ్బుతో ముప్ఫై ఏడు మెత్తలు వచ్చాయి. నలభై అనుకున్నాం. ఇవి లోపల గాలి నిండిన రబ్బరు అరల వరుసలు. ఒక అర నొక్కుకుంటే గాలి పక్క అరలోకి పోయి, బరువు ఒకే చోట నిలవకుండా పరుచుకుంటుంది. గాలి ఎక్కువైతే మెత్త బండరాయిలా ఉంటుంది, తక్కువైతే ఎముక కుర్చీ పలకకు తగులుతుంది. కూర్చున్నాక కిందికి చెయ్యి పోనిచ్చి చూడాలి. ఎముక మొనకూ పలకకూ మధ్య అరంగుళం నుంచి అంగుళం దాకా గాలి ఉండాలి. ఆ పరీక్ష నేర్పకుండా ఒక్క మెత్త కూడా ఇవ్వకూడదని నిర్ణయించుకున్నాం. ఇప్పటికి ఇరవై ఆరు మందికి స్వయంగా చూపించి ఇచ్చాం. పాతికేళ్ల అమ్మాయి ఒకతె తన చెయ్యి తనే పెట్టి చూసుకుని, "ఇంతేనా, ఇంత చిన్న పనా" అంటే నాకు చాలా సంతోషం వేసింది.

మీ వార్తలో నన్ను రిక్ హాన్సెన్‌తో పోల్చారు. ఆ పోలిక నాకు తగదు. కెనడాకు చెందిన ఆయన పదిహేనేళ్ల వయసులో ట్రక్కు ప్రమాదంలో నడుము దెబ్బతిని, 1985 మార్చిలో వాంకూవర్ నుంచి బయలుదేరి, చక్రాల కుర్చీలో 34 దేశాల మీదుగా 40,000 కిలోమీటర్లకు పైగా తిరిగి 1987 మేలో ఇంటికి చేరారు. ఆ యాత్ర గురించి రాసేటప్పుడు దూరం రాసినట్టే, 26 నెలలు పట్టిందని కూడా రాయాలి. దూరం ఎంతన్నదే కాదు, ఎలా సాగిందన్నదీ మాలాంటివాళ్లకు కావాలి. ఎక్కడ ఆగారు, ఒళ్లెలా కాపాడుకున్నారు, ఎవరు తోడున్నారు అన్నవి ఉంటే వార్డులో పడుకున్న మనిషి వాటిని తన రేపటికి వాడుకోగలడు. "సంకల్పం ముందు ఓడిన వైకల్యం" అని మీరు పెట్టిన శీర్షికను ఆ అబ్బాయి వాడుకున్న తీరు పైన రాశాను. నా సంకల్పం నన్ను ముందుకు పొమ్మంది. ఆగమన్నది అద్దం. నేను అద్దం మాట విన్నాను.

కాబట్టి మీకు నా మనవి ఇది. నేను 171 కిలోమీటర్లు వెళ్లి, ఒత్తిడి పుండు మొదలయ్యే సూచన కనిపించి, డాక్టర్లు చెప్పే నియమం ప్రకారం ఆగానని సవరణ వేయండి. మాస్టారిది ఎండ దెబ్బ కాదని, ఎందుకు కాదో, ఆయనను ఎందుకు కూర్చోబెట్టామో రెండు వాక్యాలు రాయండి. మొదటి పేజీలో కాకపోయినా ఫర్వాలేదు, వార్త వచ్చిన పేజీలోనే చదవగలిగే అక్షరాల్లో వేస్తే చాలు. నా పేరు మీ దగ్గర ఉంది, మళ్లీ అచ్చు వేయనక్కర్లేదు.

మంగళవారం నుంచి ఆ అబ్బాయిని నర్సులు బోర్లా పడుకోబెట్టారట. నిన్న ఫోనులో నన్ను ఎక్కువ మాట్లాడనివ్వలేదు, ఇంకా కోపంగానే ఉన్నాడు. శనివారం వార్డుకు వెళ్తున్నాను. సవరణ పడిన పత్రిక తీసుకొస్తానని అతనికి చెప్పాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
రహదారుల సర్వే మాజీ ఉద్యోగిని